సంతకం భయంతో ఆడిట్ మానేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి సీఏ ఇంటర్ పూర్తి చేసింది. ఆడిటర్లపై జరిమానాలు, నిషేధాల వార్తలు చూస్తే భయమేస్తోంది. ‘బిగ్ ఫోర్’ అనే పెద్ద నాలుగు ఆడిట్ సంస్థల్లో ఒకదానిలో ఆర్టికల్‌షిప్ (సీఏకు తప్పనిసరి అయిన ప్రాక్టికల్ శిక్షణ) చేస్తే రక్షణ ఉంటుందని నా ఉద్దేశం. బంధువులేమో ఆడిట్ వదిలేసి కన్సల్టింగ్ వైపు వెళ్లమంటున్నారు. ఏది మేలు?

జవాబు: మీ ఉత్తరంలో మీ అభిప్రాయం ఉంది, బంధువుల అభిప్రాయమూ ఉంది. అమ్మాయి ఏమనుకుంటోందో ఒక్క ముక్క లేదు. ఇంటర్ గట్టెక్కిన పిల్ల ఆమె. ముందు ఆమెను అడగండి.

ఇక భయం సంగతి. ఆర్టికల్ ట్రైనీ ఆడిట్ రిపోర్టుపై సంతకం చేయదు. ఆ బాధ్యత ఆడిట్ సంస్థ భాగస్వామిది, ఆ సంస్థది. ఆడిటర్ల పనిపై నిఘా ఉంచేందుకు 2018లో ఏర్పడిన జాతీయ నియంత్రణ సంస్థ ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ జరిమానాతో పాటు ఆరు నెలల నుంచి పదేళ్ల వరకు నిషేధం కూడా విధించగలదన్నది నిజమే. దాని ఉత్తర్వులు వెబ్‌సైట్‌లో ఉంటాయి, వార్తల శీర్షికలతో ఆగిపోకుండా ఒకటి పూర్తిగా చదవండి. చేయాల్సిన తనిఖీ చేయకపోవడం, చేశామన్నదానికి ఫైలులో ఆధారం లేకపోవడం వాటిలో మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఈ రెండూ శ్రద్ధతో తప్పించుకోగలిగినవే.

పెద్ద పేరే రక్షణ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఒకప్పుడు ఆ పెద్ద సంస్థలు ఐదు. అమెరికా కంపెనీ ఎన్రాన్ లెక్కల మోసం వ్యవహారంతో 2002లో దాని ఆడిటర్ ఆర్థర్ ఆండర్సన్ కూలిపోయాక నాలుగయ్యాయి. 2009లో సత్యం కంప్యూటర్స్ మోసం బయటపడినప్పుడు ఆ లెక్కల్లో 5,000 కోట్ల రూపాయలకు పైగా లేని నగదు, బ్యాంకు నిల్వలు తేలాయి. దాని ఆడిటర్ ఆ పెద్ద నాలుగింటిలో ఒకటైన పీడబ్ల్యూసీకి చెందిన ప్రైస్ వాటర్‌హౌస్. బ్యాంకు నిల్వను సరిచూసే పద్ధతి ఆడిట్‌లో తొలి పాఠాల్లో ఒకటి: లేఖ ఆడిటరే పంపాలి, జవాబు బ్యాంకు నుంచి నేరుగా ఆడిటర్‌కే రావాలి, మధ్యలో కంపెనీ చేయి పడకూడదు. ఆ లేఖల మీద పట్టు వదిలేశారనే 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. అంత పెద్ద పేరుండి కూడా ఆ చిన్న పని సరిగా జరగలేదు.

మరో మాట. ఆడిటర్‌కు ఫీజు ఇచ్చేది ఆడిట్ చేయించుకునే కంపెనీయే. లిస్టెడ్ కంపెనీల్లో ఒక సంస్థ వరుసగా పదేళ్లకు మించి ఆడిట్ చేయకూడదని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. దీనివల్ల పాతబడిన చుట్టరికం తెగుతుంది, మంచిదే. కానీ కొత్త పని దక్కించుకోవడానికి ఫీజు తగ్గించుకుంటూ పోతే ముందు కోత పడేది ఫైలుపై వెచ్చించే గంటలకు. అప్పుడు భారం ట్రైనీల మీద పడుతుంది, వాళ్లకు నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. పెద్ద సంస్థలో ఒక్క స్థిరాస్తుల పట్టికతోనే సీజనంతా గడిచిపోవచ్చు. మధ్యస్థాయి సంస్థలో మొత్తం బ్యాలెన్స్ షీటు చేతికి వస్తుంది. నా మొగ్గు అటే.

కన్సల్టింగ్ చెడ్డది కాదు. ఆ పని నచ్చితే తప్పకుండా వెళ్లనివ్వండి, ఆడిట్‌కు భయపడి మాత్రం పంపకండి. నియంత్రణ బిగిసే కొద్దీ ఫైలు సక్రమంగా కట్టగలిగినవాళ్ల అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు.

ఇంటర్వ్యూలో అమ్మాయిని రెండు విషయాలు అడగమనండి: నా వర్కింగ్ పేపర్లు (చేసిన తనిఖీల రాతలు) ఎవరు చూస్తారు? సంతకం చేసే భాగస్వామి క్లయింటు ఆఫీసుకు ఎన్నిసార్లు వస్తారు? సూటిగా జవాబు చెప్పిన చోట స్టైపెండ్ కాస్త తక్కువైనా చేరవచ్చు.