మందు పొట్లం పక్కన పెట్టు, ముందు బహారు (పూత తెప్పించే కాలం) మార్చు

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. నీ దానిమ్మ తోట నుంచి నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి ఒక్కొక్కటీ చూశాను. కాయ మీద నల్లటి మచ్చ, మచ్చ మధ్యలో చీలిక, చుట్టూ నూనె పూసినట్టు తడి మెరుపు. సందేహం లేదమ్మా, అది బాక్టీరియా మచ్చ తెగులే. మహారాష్ట్ర రైతులు దీన్నే తేల్యా అంటారు. అయినా నా మాట మీదే ఉండిపోకు. రేపు పొద్దున మచ్చలున్న ఆకులు నాలుగు తెంపి ఎండకు ఎదురుగా పట్టుకుని చూడు. మచ్చ అంచు నుంచి వెలుతురు కనబడితే బాక్టీరియా అనుకోవచ్చు. వెలుతురు రాకుండా మచ్చ ఎండిపోయి పొడిగా ఉంటే అది శిలీంద్రం కావచ్చు, దాని సంగతి వేరే. కొమ్మల కణుపుల దగ్గర కూడా చూడు. అక్కడ నల్లబడి, పగిలి, చిన్నగా వంచితే పుటుక్కున విరుగుతుంటే తెగులు కొమ్మలోకి దిగిందని అర్థం. ఈ కొమ్మల సంగతి నువ్వు రాయలేదు. నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.

దుకాణంలో ఇచ్చిన పొట్లం గురించి అడిగావు. అది స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిసిన యాంటీబయాటిక్. దాన్ని తోటలోకి తేవద్దు. నీ తోట సేంద్రియ ధ్రువీకరణకు మారుతున్న దశలో ఉంది కనుక నిబంధనలు ఎలాగూ ఒప్పుకోవు. నిబంధనలు లేకపోయినా నేను వద్దనే చెబుతాను. స్ట్రెప్టోమైసిన్ క్షయ రోగుల ప్రాణాలు నిలబెట్టిన మందు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అది బయటపడిన పరిశోధన విభాగానికి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మనుషుల కోసం అంత కష్టపడి సంపాదించుకున్న మందులను ఎకరాలకు ఎకరాలు చల్లితే, వాటికి లొంగని బాక్టీరియా తయారవుతుంది. ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. కాలిఫోర్నియా పియర్ తోటల్లో ఫైర్ బ్లైట్ అనే బాక్టీరియా తెగులు స్ట్రెప్టోమైసిన్‌కు లొంగడం మానేసిందని 1971లోనే తేలింది. అమెరికాలో సేంద్రియ ఆపిల్, పియర్ తోటలకు 2014 అక్టోబరు 21 తర్వాత యాంటీబయాటిక్‌లు పూర్తిగా నిషేధం. అక్కడి రైతులు తోటలు నరికేసుకోలేదు. పూత సమయంలో గంధకం-సున్నం ద్రావణం, మేలుచేసే ఈస్టు, తక్కువ మోతాదు రాగి వరుసగా వాడుకుంటూ, శీతాకాలంలో పుండు పడ్డ కొమ్మలు కోసేస్తూ నెట్టుకొస్తున్నారు. మన దగ్గర కూడా ఈ రెండు మందులను వ్యవసాయం నుంచి తప్పించాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది.

ఇంకో సంగతి. ఆ పొట్లం కొట్టినా ఇప్పుడున్న మచ్చ మానదు. బాక్టీరియా ఆకు లోపల, బెరడు లోపల ఉంటుంది. పైన పడ్డ మందు వానకు కడిగేసుకుపోతుంది. మళ్లీ కొట్టాలి, మళ్లీ కడిగేస్తుంది.

ఈ కాపు మటుకు చేయగలిగింది కొంచెమే, దాచకుండా చెబుతున్నాను. ముందు నత్రజని ఆపు. కోళ్ల ఎరువు వేశానన్నావు కదా, ఇక చాలు. నత్రజని ఎక్కువైతే లేత చిగుళ్లు పుట్టుకొస్తాయి, బాక్టీరియాకు ఆ లేత కణజాలమే కావాలి. మొదళ్ల దగ్గర పిలకలు, నిట్టనిలువుగా లేచే నీటి కొమ్మలు ఎప్పటికప్పుడు తీసెయ్యి. మచ్చ పడిన కాయలన్నీ, చిన్నవైనా పెద్దవైనా, కోసి సంచిలో వేసి బయటికి తీసుకుపో. చెట్టు కింద పారేస్తే వాన చినుకు దాని మీద పడి ఎగిరి పై కొమ్మకు తగులుతుంది. తోట తడిగా ఉన్నప్పుడు మాత్రం ఎవరినీ లోపలికి పంపవద్దు. మంచు ఆరకముందే కలుపు తీయిస్తే కూలీల చేతులే, చీర కొంగులే తెగులును వరుసంతా పూస్తాయి. ఎండ ఎక్కాక పని మొదలుపెట్టించు, ముందు ఆరోగ్యంగా ఉన్న వరుసలు, చివర తెగులు ఉన్నవి.

ఇక అసలు మాటకు వస్తాను. నువ్వు మృగ్ బహారు పెట్టావు. జూన్, జులైలో పూత, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కాయ. ఈ బాక్టీరియాకు కావలసినవి 30 డిగ్రీల దగ్గర వేడి, గాలిలో తేమ, ఆకు మీద నీళ్లు, లేత కణజాలం. ఈ నాలుగూ ఒక్కసారి దొరికే కాలం అదే. అనంతపురంలో ఏడాది మొత్తం మీద కురిసేదే తక్కువ, అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరుల్లోనే పడుతుంది. సరిగ్గా ఆ రెండు నెలలూ నీ కాయలు చెట్టు మీద తడుస్తున్నాయి. నీ తోటలోని భగువా రకం ఈ తెగులుకు బాగా లొంగుతుంది కూడా. బహారు మారిస్తే సగం యుద్ధం అయిపోయినట్టే.

నేను చెప్పేది హస్త బహారు. పుస్తకాల్లో సెప్టెంబరు, అక్టోబరు అని ఉంటుంది. మన వైపు వానలు పూర్తిగా వెనక్కి తగ్గాక, అక్టోబరు చివర్లో నీళ్లు వదలడం మంచిదని నా అభిప్రాయం. అప్పుడు పూత, పిందె పొడి వాతావరణంలో పడతాయి, కాయ శీతాకాలమంతా పెరిగి వేసవిలో కోతకు వస్తుంది. ఇందులో రెండు కష్టాలున్నాయి. మొదటిది బెట్ట, అంటే పూతకు ముందు నీళ్లు ఆపి చెట్టు ఆకు రాల్చేలా చేయడం. వానలు పడి నేలలో పదును ఉంటే చెట్టు ఆకు రాల్చదు. మామూలు తోటల్లో ఎథ్రెల్ అనే రసాయనం కొట్టి ఆకు రాలుస్తారు, నీకు ఆ దారి లేదు. మీ ఎర్ర నేల త్వరగా ఆరుతుంది కనుక నీళ్లు ఆపితే చాలావరకు ఆకు పండుబారుతుంది. మిగిలినది చేతితో దూయించాలి. కూలి ఖర్చు అవుతుంది, కానీ దూసేటప్పుడే ప్రతి కొమ్మనూ కళ్లతో చూస్తాం, ఆ చూపు వల్ల కలిగే మేలు ఎక్కువ. రెండోది వేసవి నీరు. మార్చి, ఏప్రిల్‌లో మీ బోరు ఎంత పోస్తుందో మీ నాన్నను కచ్చితంగా అడుగు. రెండంగుళాల నీరు కూడా రాకపోతే ఎకరాలు తగ్గించుకుని ఈ బహారు పెట్టు. నీళ్లు చాలక కాయ పగిలితే తెగులు తప్పించుకుని కూడా లాభం ఉండదు.

ఇప్పుడున్న కాపు కోశాక చెట్లకు విశ్రాంతి ఇవ్వాలి. మూడు నాలుగు నెలలు తప్పనిసరి. నువ్వు హస్త బహారుకు మారుతున్నావు కనుక ఈసారి అంతకంటే ఎక్కువే వస్తుంది. ఒక కాపు వెనక్కి పోతుందని దిగులుపడకు. ఈ తెగులుతో యుద్ధం చేసేది ఆ విశ్రాంతిలోనే. వానల్లో స్ప్రేయరు పట్టుకుని పరిగెత్తేవాళ్లు ఏటా ఓడిపోతున్నారు, ఎండల్లో కత్తెర, చీపురు పట్టుకున్నవాళ్ల తోటలు నిలబడ్డాయి. ముప్ఫై ఏళ్లుగా నేను చూస్తున్నది ఇదే.

జనవరిలో పొడి వాతావరణం కుదరగానే కత్తిరింపులు మొదలుపెట్టించు. నల్లబడిన కణుపు కనబడితే దానికి రెండంగుళాలు కిందికి, ఆరోగ్యమైన కొమ్మలో కోయాలి. కోసిన చోట లోపల గోధుమ రంగు గీత కనబడితే ఇంకా కిందికి పో. చెట్టు మారినప్పుడల్లా కత్తెరను స్పిరిటులో గానీ బ్లీచింగ్ నీళ్లలో గానీ ముంచి తుడవాలి. కూలీలు విసుక్కుంటారు. ఇద్దరికి మూడు కత్తెరలు ఇవ్వు, ఒకటి ఎప్పుడూ డబ్బాలో నానుతూ ఉంటుంది, పని ఆగదు. బ్లీచింగ్ నీళ్లకు ఇనుము తుప్పు పడుతుంది, సాయంత్రం కడిగి నూనె రాయించు.

ముళ్లను కూడా చూడు. దానిమ్మ కొమ్మ చివర ముల్లు గాలికి ఊగి పక్కనున్న కాయను గుచ్చుతుంది. ఆ గుచ్చిన రంధ్రం కంటికి ఆనదు, దాని చుట్టూనే వారంలో మచ్చ మొదలవుతుంది. మచ్చ పడ్డ కాయను చేతిలోకి తీసుకుని, దానికి ఎదురుగా ఏ కొమ్మ ఉందో గమనించు. చాలాసార్లు అక్కడొక ముల్లు ఉంటుంది. కాయలకు దగ్గరగా వచ్చిన అలాంటి కొమ్మల చివర్లు కత్తిరిస్తే ఏ మందూ చేయని మేలు జరుగుతుంది. పడమటి గట్టు మీద గాలికి అడ్డంగా చెట్లు వేయమని కూడా అందుకే చెబుతున్నాను.

కోసిన కొమ్మలు, రాలిన ఆకులు, ఎండి వేలాడుతున్న కాయలు ఏవీ తోటలో మిగలకూడదు. రాలిన ఆకులో ఈ బాక్టీరియా నెలల తరబడి బతికి ఉంటుంది. నీ కంపోస్టు గుంతలో కూడా వేయవద్దు. తోటకు దూరంగా కాల్చెయ్యి, లేదా లోతుగా గొయ్యి తీసి పూడ్చు. చెట్ల కింద ఊడ్పించు, నిజంగానే చీపురుతో.

కోసిన గాయాలకు బోర్డో ముద్ద పూయాలి: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. చెట్టంతా తడిపే పిచికారికి అదే కిలో, కిలో, 100 లీటర్లు. దీన్ని కలపడంలోనే చాలామంది చెడగొట్టుకుంటారు కనుక వివరంగా రాస్తున్నాను. మైలుతుత్తాన్ని పలుచని గుడ్డలో మూటకట్టి, 50 లీటర్ల నీళ్లున్న ప్లాస్టిక్ డ్రమ్ము పైభాగంలో రాత్రే వేలాడదీయి. తెల్లారేసరికి కరిగి నీళ్లు నీలంగా ఉంటాయి. ఇనుప పాత్ర వాడకూడదు. సున్నం గడ్డలుగా ఉన్నది కొను, నీళ్లు చిలకరిస్తే బుసలుకొట్టి పొగలు రావాలి. గాలికి పొడిబారిపోయిన పాత సున్నం పనికిరాదు. అది విరిగాక ఇంకో 50 లీటర్లకు పెంచి గుడ్డతో వడకట్టు. అప్పుడు నీలం నీళ్లను సన్నని ధారగా ఆ వడకట్టిన సున్నపు నీళ్లలోకి పోస్తూ కర్రతో తిప్పాలి. సున్నాన్ని తుత్తంలోకి పోయకూడదు. ఆకాశం రంగు వస్తుంది. మెరిసే ఇనుప చాకును అందులో కొద్ది నిమిషాలు ముంచి తీసి చూడు. చాకు మీద ఎర్రని రాగి పూత పడితే ఇంకా సున్నం కావాలి, లేకపోతే ఆకులు మాడతాయి. ఏ రోజు కలిపింది ఆ రోజే వాడెయ్యి.

ఆకు లేని చెట్టు మీద ఒక శాతం, అంటే ఇలా కిలోకు 100 లీటర్లు కలిపింది కొట్టవచ్చు. ఆకు ఉన్నప్పుడు అర శాతమే. పూత మీద కొట్టకు. మబ్బు పట్టి తడి ఆరని రోజున కూడా కొట్టకు.

యాంటీబయాటిక్ మానేశాం కదా అని రాగిని ఇష్టం వచ్చినట్టు వాడేవాళ్లున్నారు. ఆ లెక్క కూడా తెలుసుకో. కిలో మైలుతుత్తంలో రాగి పావు కిలో. ఎకరానికి 400 లీటర్ల ఒక శాతం బోర్డో కొడితే ఒక్కసారికే కిలో రాగి నేలలోకి చేరుతుంది, అంటే హెక్టారుకు రెండున్నర కిలోలు. యూరప్ సమాఖ్య 2019 నుంచి ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోల రాగికి మించకూడదని పరిమితి పెట్టింది, ఏటా సగటున నాలుగు కిలోలు. రెండుసార్లు పూర్తి మోతాదు కొడితే దాటిపోయావన్నమాట. రాగి కుళ్లిపోదు, ఆవిరైపోదు, వానపాములకు హాని చేస్తుంది. అందుకే నీ తోటకు నా లెక్క ఇది: కత్తిరింపుల తర్వాత పూర్తి మోతాదు ఒకసారి, వానలకు ముందు అర శాతం ఒకసారి, అంతే. ప్రతిదీ పుస్తకంలో తేదీతో రాసుకో. వాడకముందే ధ్రువీకరణ సంస్థకు చెప్పి ఒప్పుకోలు తీసుకో.

సూడోమోనాస్, బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే మేలుచేసే బాక్టీరియా వాడొచ్చా అని అడిగావు. వాడు, కానీ తెగులు రాకముందు, లేత చిగురు మీద, సాయంత్రం పూట. అవి జీవులు. రాగి కొట్టిన వారంలోనే వాటిని కొడితే చచ్చిపోతాయి, డబ్బు దండగ. తయారీ తేదీ చూసి కొత్త సరుకే కొను. జీవామృతం, ఘనజీవామృతం నేలకు మంచివి, ఆపవద్దు. మచ్చ తెగులును అవి తగ్గిస్తాయని మాత్రం నేను చెప్పలేను. పుల్లటి మజ్జిగ కూడా అంతే. వాటిని నమ్ముకుని కత్తిరింపులు వాయిదా వేయకు.

చచ్చిన చెట్ల స్థానంలో కొత్త అంట్లు వేయాలన్నావు. తొందరపడకు. ఈ తెగులు చాలా తోటల్లోకి అంట్లతోనే వచ్చింది. గూటీ కట్టిన (కొమ్మకు వేరు పుట్టించి అంటు తీసిన) తల్లి చెట్టును నీ కళ్లతో, వానాకాలంలో చూడకుండా ఒక్క మొక్క కూడా కొనవద్దు. ఎండాకాలంలో అన్ని చెట్లూ శుభ్రంగానే కనబడతాయి. ఈసారి వరుసల మధ్య 15 అడుగులు, చెట్ల మధ్య 10 అడుగులు వదులు. ఇప్పుడున్న దగ్గర నాటులో గాలి ఆడదు, వాన వెలిసిన మధ్యాహ్నానికి కూడా ఆకు ఆరదు.

పక్క తోట వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడు. వాళ్లు సేంద్రియం చేయకపోయినా ఫరవాలేదు, తెగులు కొమ్మలు కోసి నీ గట్టు మీద పోయకుండా ఉంటే చాలు. వీలైతే రెండు తోటల కత్తిరింపులూ ఒకే వారంలో పెట్టుకోండి.

ఇప్పటికి కొమ్మల కణుపులు చూసి, నల్లబడిన చెట్లకు రంగు గుడ్డ కట్టి, ఎన్ని ఉన్నాయో నాకు రాయి. పదింట ఒకటి రెండు అయితే ఇప్పుడు చెప్పినట్టే చేద్దాం. సగం చెట్లు అలా ఉంటే మొదలు దాకా కోసి కొత్త కొమ్మలు తెప్పించే ఆలోచన చేయాలి, దానికి వేరే లెక్క ఉంది. జనవరిలో కత్తిరింపులకు నేను వస్తాను. కూలీలకు మొదటి రోజు నేర్పడం నా పని.

మీ పెదనాన్న