క్లాసంతా కోయిలలే!

ప్రశ్న: మేడమ్, నేను సిద్దిపేట జిల్లాలో ఐదో తరగతికి తెలుగు చెప్తాను. ఋతువుల మీద కవిత రాయమంటే పిల్లలందరూ 'వసంతం వచ్చింది, కోయిల కూసింది' అనే రాస్తున్నారు. హైకూ (జపాన్ వాళ్ల మూడు లైన్ల చిన్న కవిత) అయితే ఈజీ అనుకుని లైన్లకి వరసగా 5-7-5 అక్షరాలు చెప్తే వేళ్లు లెక్కపెట్టుకోవడంతోనే పీరియడ్ అయిపోతోంది. ఏం చెయ్యాలి?

జవాబు: ముందు ఆ లెక్క ఆపేయండి టీచర్ గారూ. జపాన్ వాళ్ల లెక్క మన అక్షరాల లెక్క కాదు, అక్కడ దీర్ఘం వస్తే రెండు కింద వేస్తారు, అంటే మన ఛందస్సులో మాత్రలకి దగ్గర, పదేళ్ల పిల్లలకి అదంతా దేనికి, మూడు చిన్న లైన్లు చాలు. వాళ్ల దగ్గర తీసుకోవాల్సింది ఇంకోటుంది. పాత పద్ధతి హైకూలో కాలాన్ని పట్టిచ్చే మాట ఒకటి ఉంటుంది, అది వింటే చాలు ఏ ఋతువో తెలిసిపోతుంది. కాకపోతే వాళ్ల మాటలు మనకి పనికిరావు. జపాన్ కవి బషో హైకూలో కప్ప వసంతకాలం కప్ప, మనకేమో కప్ప అంటే తొలకరి పడ్డ రాత్రి బెకబెక!

మన మాటలు మన కార్తెల్లో ఉన్నాయి. మొత్తం 27, ఒక్కోటి దాదాపు రెండు వారాలు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండ, మృగశిర నాడు ఇంట్లో చేపల కూర, ఆరుద్రలో తడి నేల మీద ఎర్రటి ఆరుద్ర పురుగులు, ఇవన్నీ నాయనమ్మని అడిగి రాసుకు రమ్మనండి, హోంవర్క్ అదే. బతుకమ్మ ముందు గునుగు, తంగేడు కోసుకు రావడానికి పిల్లలు ఎలాగూ చేన్ల వైపు పోతారు కదా, తెల్లారి క్లాసులో ఏం చూశారో చెప్పించండి, చెప్పిందే రాయించండి. ఋతువు పేరు రాయకూడదు, 'అందమైన' అనకూడదు, రూల్స్ ఈ రెండే. ఇదిగో ఇలా:

గునుగు పూల మోపు
నడిచొస్తోంది
కింద రెండు కాళ్లు

కోయిల మీద నాకేం కోపం లేదండీ, ఎక్కడ విన్నావురా అంటే చెట్టు చూపించగలిగితే ఉంచేయండి.

ఇంకోమాట, పిల్లాడు 'ఆన' అని రాస్తే 'వాన' అని దిద్దకండి, వాళ్లింట్లో పడేది ఆనే. ఒత్తులు, దీర్ఘాలు మర్నాడు చూసుకోవచ్చు. మార్కులైతే అసలు వద్దు, మార్కులు వేశారంటే ఫస్ట్ వచ్చిన పిల్ల రాసిందే వచ్చే వారం అందరూ రాస్తారు.