దవడలో గట్టి గడ్డ... బయాప్సీ చేసినా పేరు తేలలేదెందుకు?

ప్రశ్న: నా వయసు 34. కింది దవడ ఎడమ వైపు రెండేళ్లుగా గట్టిగా ఉబ్బింది. నొప్పి లేదు. బయాప్సీలో ‘బినైన్ ఫైబ్రో ఆసియస్ లీజన్’ అని వచ్చింది. ఇది క్యాన్సరా? ముక్క తీసి చూసినా జబ్బు పేరు ఎందుకు రాయలేదు? మళ్లీ బయాప్సీ చేయించాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: తీసిన ముక్కలో క్యాన్సర్ లక్షణాలు లేవని మీ రిపోర్టు చెబుతోంది. ‘బినైన్ ఫైబ్రో ఆసియస్ లీజన్’ అంటే పీచు, ఎముక కలిసిన, క్యాన్సర్ కాని గడ్డ. అది ఒక్క జబ్బు పేరు కాదు, కొన్ని జబ్బుల గుంపు పేరు. పేరు రాయకపోవడం పాథాలజిస్టు (ముక్కను పరీక్షించే డాక్టరు) నిర్లక్ష్యం కాదు. మీ విషయంలో ముఖ్యంగా ఆలోచించాల్సినవి రెండు: ఆసిఫైయింగ్ ఫైబ్రోమా (ఎముకలో విడిగా పెరిగే గడ్డ), ఫైబ్రస్ డిస్‌ప్లేసియా (ఎముక స్థానంలో పీచు కణజాలం పెరిగే జబ్బు). మైక్రోస్కోపు కింద రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి. పీచులాంటి కణజాలం, దాని మధ్య అక్కడక్కడా కొత్తగా ఏర్పడుతున్న ఎముక, అంతే. ఎక్స్‌రే చూడకుండానే ఫలానా జబ్బని తేల్చేసిన రిపోర్టు వస్తే నాకు అనుమానం కలుగుతుంది.

వీటిని విడదీసేది గడ్డ అంచు. ఫైబ్రోమాకు చుట్టూ గీత గీసినట్టు హద్దు ఉంటుంది. పెరిగేకొద్దీ పళ్ల వేళ్లను పక్కకు నెడుతుంది, దవడ ఎముక కింది అంచును కిందికి వంచుతుంది. మీ వయసు మహిళల్లో, కింది దవడ దంతాల దగ్గర ఎక్కువగా చూస్తాం. డిస్‌ప్లేసియా అయితే ఎక్స్‌రేలో గరుకు అద్దంలా మసకగా కనిపించి, ఎక్కడ ముగిసిందో తెలియకుండా మామూలు ఎముకలో కలిసిపోతుంది. చికిత్సా వేరే. మొదటిదాన్ని పూర్తిగా తీసేయాలి. రెండోది పెద్దవాళ్లలో చాలావరకు పెరగడం ఆగిపోతుంది, ముఖం వంకరగా ఉంటే చెక్కి సరిచేస్తారు. అందుకే పేరు తేలకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.

రాత్రిళ్లు వేధించి, నొప్పి మాత్రతో తగ్గే ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే ఎముక గడ్డ గానీ, పంటి వేరును అంటుకుని పెరుగుతూ తరచూ నొప్పి పెట్టే సిమెంటోబ్లాస్టోమా అనే గడ్డ గానీ మీకు ఉండే అవకాశం తక్కువ. దవడ మీద ఒకటికి మించి ఎముక బుడిపెలు, పైకి రాని పళ్లు, అదనపు పళ్లు ఉన్నవారి సంగతి వేరు. వారు పెద్దపేగు పరీక్ష తప్పక చేయించుకోవాలి. అది గార్డ్‌నర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య జబ్బయితే పేగు లోపలి పాలిప్స్ (చిన్న కండ బుడిపెలు) క్యాన్సర్‌గా మారతాయి.

మళ్లీ బయాప్సీ ఇప్పుడే వద్దు. సీబీసీటీ స్కాన్ (దవడను త్రీడీలో చూపే ఎక్స్‌రే స్కాన్) తీయించి, పాత బయాప్సీ స్లైడ్లతో కలిపి ఓరల్ పాథాలజిస్టుకు చూపించండి. ఎప్పుడో పంటి చికిత్సకు తీసిన ఎక్స్‌రే దొరికితే అదీ పట్టుకెళ్లండి. గడ్డ ఎంత వేగంగా పెరిగిందో దాంతో తెలుస్తుంది.

కింది పెదవి తిమ్మిరెక్కినా, పళ్లు కదులుతున్నా, వారాల వ్యవధిలోనే వాపు పెరిగినా ఆగకుండా ఓరల్ సర్జన్ దగ్గరికి వెళ్లండి. చిన్న ముక్కలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ ఒక్కోసారి బయటపడదు. అలాంటప్పుడు రెండో బయాప్సీ తప్పదు.