గొంతు ఎవరిదని ముందే అడగండి

"నాకు 26 ఏళ్లు. పద్యాలు బాగా పాడతాను. హైదరాబాద్‌లో ఉండి స్టేజీ మీదా, టీవీలోనూ నటుడిగా, గాయకుడిగా స్థిరపడగలనా?" అని అడిగారు కదా బాబూ. పాతికేళ్లకు పైగా ఆ రెండూ చేస్తున్నదాన్ని, అందుకే రాస్తున్నాను. స్థిరపడొచ్చు. కానీ టీవీకి మీ మొహం కావాలి, గొంతు అక్కర్లేదు. ఆ సంగతి తెలిసి దిగండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నగారు హార్మోనిస్టు. నాకు పదకొండో ఏడు వచ్చేసరికే హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి పద్యాలన్నీ ఐదు శ్రుతిలో నేర్పేశారు (శ్రుతి అంటే పాడటానికి గొంతు పట్టుకునే స్థాయి). తప్పు చోట ఊపిరి తీసుకుంటే పెట్టె వాయించడం ఆపేసేవారు. తిట్టేవారు కాదు, ఒక్క మాట అనేవారు కాదు. ఆ నిశ్శబ్దానికి భయపడే నేర్చుకున్నాను. 1998లో పెళ్లయి హైదరాబాద్‌లో యూసఫ్‌గూడ వచ్చాను. వీధిలో సగం ఇళ్లు సినిమా వాళ్లవీ, సీరియల్ వాళ్లవీ. పక్కింటి మేకప్ ఆయనే నన్ను మొదటిసారి ఒక సీరియల్‌కి తీసుకెళ్లారు.

ఏడేళ్ల కిందట ఒక సీరియల్లో బామ్మ వేషం వచ్చింది. మనవడికి జ్వరం. బామ్మ దేవుడి గది ముందు కూర్చుని పోతనగారి గజేంద్ర మోక్షంలో పద్యం పాడాలి. ఆ మాట వినగానే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు, అంత సంతోషం. మర్నాడు ఫ్లోర్‌లో ఒక్క టేకులో పూర్తిగా పాడాను. వెలుతురు నా మొహం మీద పడేలా థర్మోకోల్ షీటు పట్టుకున్న కుర్రాడు డైరెక్టర్ కట్ చెప్పినా దాన్ని దించలేదు, అలాగే నిలబడిపోయాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్న అసిస్టెంట్ డైరెక్టర్ మొహం నాకు ఇప్పటికీ గుర్తే.

టెలికాస్ట్ రోజుకి నాన్నగారిని ఊరి నుంచి రప్పించాను. అప్పటికే ఆయనకి చూపు దాదాపు పోయింది. టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. సీను వచ్చింది. తెర మీద నా నోరు కదులుతోంది, వినిపిస్తున్న గొంతు మాత్రం ఇంకెవరిదో! సన్నటి గొంతు, శ్రుతి లేదు, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటోంది. రెండు పాదాలు అయ్యాయో లేదో హీరోయిన్ కన్నీళ్లు, వెనక వయొలిన్లు, ఆపైన సబ్బు అడ్వర్టైజ్‌మెంట్. నాన్నగారు ఎపిసోడ్ చివరిదాకా మెడ ముందుకు చాచి విన్నారు. అయిపోయాక, "నీ సీను ఎప్పుడమ్మా?" అన్నారు.

రేపు వస్తుంది నాన్నా అన్నాను. మర్నాడు ఆ టైముకి ఆయనే తడుముకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

మేనేజర్‌కి ఫోన్ చేస్తే, "అందరికీ డబ్బింగే కదమ్మా, మీ ఒక్కరికీ స్టూడియో టైం ఎక్కడ ఇస్తాం" అన్నాడు. మీకు తెలియకపోవచ్చు, సెట్లో డైలాగులు ఎవరూ బట్టీ పట్టరు. కెమెరా వెనక నిలబడి ఒకరు చెబుతుంటే మనం అంటాం. ఆ కేకలన్నీ కలిసి రికార్డవుతాయి కాబట్టి మాటలన్నీ తర్వాత వేరే గదిలో వేయిస్తారు. హీరో హీరోయిన్లు చాలామంది కన్నడం నుంచి వస్తారు, వాళ్లకి అది తప్పదు. డబ్బింగ్ వాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లూ గొంతు అరగదీసుకునే బతుకుతున్నారు. కానీ తెలుగు వచ్చి, పద్యం వచ్చి, ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా అరువు గొంతు పెట్టడం ఏం న్యాయం? 1932లో తొలి తెలుగు టాకీ వచ్చినప్పుడు సురభి నాటకాల నుంచి వెళ్లిన కమలాబాయి గారు తన పాట తానే పాడుకున్నారు. ఆనాటి మైకులకి సాధ్యమైంది ఇవాళ ఇన్ని మెషీన్లు పెట్టుకుని ఎందుకు కాదు? పద్యం తెలుగు ఇళ్లలోంచి వెళ్లిపోయిందంటే సగం కారణం ఇదే అని నేను ఎక్కడైనా చెబుతాను.

స్టేజీ బాగుందా అంటే దాని గొడవలు దానికి ఉన్నాయి. హైదరాబాద్‌లో నాటకం అంటే ముందు సన్మానం. సాయంత్రం ఆరున్నరకి మేకప్ వేసుకుని తయారుగా ఉంటాం. శాలువాలు, ఉపన్యాసాలు ఎనిమిదింటి దాకా సాగుతాయి. తర్వాత నిర్వాహకులు వచ్చి, "హాలు టైం అయిపోతోంది, పద్యాలు కొంచెం తగ్గించండమ్మా" అంటారు. పద్య నాటకంలో పద్యాలు తగ్గిస్తే ఇంకేం ఉంటుంది చెప్పండి! కాటి సీనులో కొడుకు లోహితుడి మీద పడి ఏడుస్తూ, ఏ పద్యం వదిలేయాలా అని లెక్కలు వేసుకున్న రోజులున్నాయి. అదే శివరాత్రికి ఊళ్లకి వెళ్తే తెల్లారేదాకా కూర్చుంటారు, వన్స్‌మోర్ అంటారు. రాయబారానికి ఒక కృష్ణుడు, యుద్ధానికి ఇంకో కృష్ణుడు, ఇద్దరిలో ఎవరి రాగం బాగుందని టీ కొట్టు దగ్గర వారం రోజులు వాదించుకుంటారు. ఈలపాట రఘురామయ్యగారు అంత సినిమా పేరు వచ్చాక కూడా నాటకాన్ని ఎందుకు వదల్లేదో ఆ జనం మధ్య నిలబడితే తెలుస్తుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. సీరియల్‌కి రోజు లెక్కన ఇస్తారు, చేతికి రావడానికి నాకు మూడేసి నెలలు పట్టిన సందర్భాలున్నాయి. నాటకానికి ఆ రాత్రే ఇస్తారు, కానీ సంక్రాంతి నుంచి శ్రీరామనవమి దాటేదాకే పని. మా అమ్మాయి ఫీజులు సీరియళ్లే కట్టాయి, కాదనను. అందుకే రెండూ చేయమంటున్నాను. ఆకాశవాణి డ్రామా ఆడిషన్ మాత్రం తప్పకుండా ఇవ్వండి. గొంతుకి గ్రేడు ఇచ్చి పిలిచే చోటు అది. సీరియల్ ఒప్పుకునే ముందు మాత్రం, "పాడే సీను ఉంటే గొంతు నాదే ఉంటుందా?" అని మొహమాటపడకుండా అడగండి. ఆ బామ్మ వేషం తర్వాత నేను నలుగురు సీరియల్ వాళ్లని అలాగే అడిగాను. ముగ్గురు మళ్లీ ఫోన్ చేయలేదు. నాలుగో ఆయన సరే అని, అన్నట్టుగానే నా చేత స్టూడియోలో పాడించారు. అప్పటికి నాన్నగారు లేరు.

మీ శ్రుతి ఎంతో రాయలేదు. నాలుగున్నర దాకా అందుకోగలిగితే చెప్పండి. మా నాటక సమాజం వాళ్లకి వారణాసి సీనుకి నక్షత్రకుడు దొరకడం లేదు, ఆదివారాలు చిక్కడపల్లిలో రిహార్సల్ చేస్తున్నాం.