వ్యాన్‌లో మకాం, క్యాంపులో డ్యూటీ: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పాకాల దారిలో ఒక మామిడితోటల పది టెంట్ల క్యాంపు పెట్టిండ్రు. ఏప్రిల్, మే నెలలు అక్కడ్నే ఉండి చూసుకోమంటున్నరు. గది లేదు. నీళ్లు, ఒక కరెంటు ప్లగ్గు ఇస్తరట. మా దగ్గర పాత ట్రావెలర్ వ్యాను ఉంది. నేను, నా భార్య అండ్లనే ఉండొచ్చునా? (ఒక పాఠకుడు, నర్సంపేట)

జవాబు: రాత్రి పడుకోవడానికి ఉండొచ్చు. పగలు పదకొండు నుంచి అయిదు దాకా మాత్రం దాన్ని సామాను కొట్టు అనుకోండి. క్యాంపు పని ఎలాగూ పొద్దున, సాయంత్రమే ఉంటుంది. మధ్యాహ్నానికి ఒక పందిరి, నులక మంచం ఇవ్వాలని యజమానితో ముందే మాట్లాడుకోండి. జీతం సంగతి ఆ తర్వాత.

మే రెండో వారంలో వరంగల్ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అందుకే కిటికీలకు ఎన్ని తెరలు కట్టినా లాభం అంతంతే. కాలేది టాప్. దానికి అడుగు ఎత్తున 75 శాతం షేడ్ నెట్ కట్టండి. రేకుకు ఆనించి కడితే నెట్ వేడి రేకులోకే దిగుతుంది, మధ్యలో గాలి ఆడాలి. వ్యాను పొడవు తూర్పు పడమరగా, వెనక భాగం పడమరకు ఉండేలా నిలిపితే సాయంత్రపు ఎండ వెనక తలుపు మీదే పడుతుంది, పక్క గోడ మొత్తం కాలదు. చెట్టు నీడ చూసుకునేటప్పుడు పొద్దున ఎక్కడ ఉందని కాదు, మూడు గంటలకు ఎక్కడ ఉంటుందో చూడండి. ఎండు కొమ్మలున్న మామిడి కింద మాత్రం వద్దు. మేలో సాయంత్రం గాలిదుమారం లేస్తే మొదట విరిగేవి అవే. షేడ్ నెట్‌కు కూడా ఒక్క లాగుతో ఊడే ముడి వేయండి. మబ్బు కమ్మగానే దించేయాలి, లేదంటే అది తెరచాపై కడ్డీలను పీక్కుపోతుంది.

గాలి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడి గాలిని ఒంటి మీదికి తోస్తుంది. తడి తువ్వాల కప్పుకొని ఫ్యాను కింద కూర్చుంటే వేరే సంగతి. వట్టివేళ్ల చాప గాలి వచ్చే వైపు కిటికీకి కట్టి తడపండి, ఎదుటి కిటికీ తెరిచి ఉంచండి. రెండూ మూస్తే ఉక్కపోతే మిగులుతుంది. కూలర్‌కూ ఇదే లెక్క.

ప్రశ్న: మా వ్యాన్‌లో 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ, టాప్ మీద 200 వాట్ల ప్యానెల్ ఉన్నాయి. ఎండ బాగా కొట్టే మధ్యాహ్నమే చార్జింగు సున్నా చూపిస్తోంది. ప్యానెల్ పోయిందా? (ఒక పాఠకురాలు, హనుమకొండ)

జవాబు: ప్యానెల్ పోలేదు. ముందు బ్యాటరీ నిండిపోయిందేమో చూడండి, నిండితే సున్నానే చూపాలి. నిండకపోయినా సున్నా అంటే కారణం దాదాపుగా వేడి. ఈ రకం సెల్స్‌ను 45 డిగ్రీలు దాటాక చార్జి చేయకూడదని ఎక్కువ కంపెనీలు రాస్తాయి. లోపల ఉండే రక్షణ బోర్డు, అంటే బీఎంఎస్, తనకు పెట్టిన హద్దు దాటగానే చార్జింగు కట్ చేస్తుంది, చల్లారాక మళ్లీ కలుపుతుంది. మూసి ఉన్న వ్యాన్‌లో ఆ హద్దు దాటడం మన ఎండలకు పెద్ద కష్టం కాదు. బీఎంఎస్‌ను తీసేసి నేరుగా కలుపుతానని ఎవరైనా మెకానిక్ అంటే ఒప్పుకోవద్దు.

బ్యాటరీ పక్క రేకుకు ఆని ఉంటే అక్కడి నుంచి తీసి, కింద ఫ్లోర్ మీద, ప్లైవుడ్ ముక్క మీద పెట్టండి. చుట్టూ రెండంగుళాలు ఖాళీ ఉంచి, కంప్యూటర్లలో వాడే చిన్న 12 వోల్టుల ఫ్యాను ఒకటి పెట్టండి, అది తినేది రెండు మూడు వాట్లే. ప్యానెల్‌కు, టాప్‌కు మధ్య మూడంగుళాలు వదిలితే రెండిటికీ మంచిది. ప్యానెల్ వేడెక్కినకొద్దీ ఉత్పత్తి పడిపోతుంది, డిగ్రీకి సుమారు 0.4 శాతం. ప్యానెల్ 70 డిగ్రీలకు వస్తే 200 వాట్లది 165 దగ్గరే ఆగుతుంది.

అసలు చిట్కా ప్యానెల్‌ను తూర్పుకు వంచడం. చార్జింగులో ఎక్కువ భాగం పదకొండు లోపే అయిపోవాలి. మీ వాడకం లెక్కేద్దాం: 30 వాట్ల ఫ్యాను 12 గంటలకు 360, లైట్లకు 50, ఫోన్లకు 40, వెరసి 450 వాట్ అవర్లు. తూర్పుకు వంచిన ప్యానెల్ పొద్దుటి పూటే ఇంచుమించు అంత ఇస్తుంది. ఫ్రిజ్ పెడితే ఈ లెక్క తప్పుతుంది. అప్పుడు రాత్రి చల్లబడ్డాక క్యాంపు ప్లగ్గు నుంచి 10 ఆంపియర్ల చార్జర్ పెట్టండి, ఆరు గంటల్లో 60 ఆంపియర్ అవర్లు ఎక్కుతాయి. ఆ ప్లగ్గుకు ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్చు) ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. తెగిన వైరు రేకును తాకితే వ్యాను మొత్తం షాకు కొడుతుంది. బ్యాటరీ ప్లస్ దగ్గరే, జానెడు లోపు, ఫ్యూజు ఉండాలి.

ప్రశ్న: టెంట్లకు వచ్చిన పోరగాళ్లు రాత్రి మంట పెడ్తమని ఒక్కటే పోరు. వద్దంటే గొడవ. ఏం చేయాలె? (ఒక క్యాంపు కాపలాదారు, గోవిందరావుపేట)

జవాబు: ముందు మీ స్థలం ఎక్కడుందో తేల్చుకోండి. ఏటూరునాగారం, పాకాల అభయారణ్యాల లోపల అడవికి ముప్పు తెచ్చేలా మంట పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 30 కింద నేరం. అక్కడ బేరమే లేదు. పట్టా భూమి అయినా ఏప్రిల్, మేలో టేకాకు గలగలలాడుతూ ఉంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గాలి ఉన్న రోజు మంట లేదని బుకింగ్ అప్పుడే చెప్పేయండి. రాత్రి పదింటికి చెబితేనే గొడవ.

గాలి లేని రోజు ఒప్పుకుంటే మీరు పెట్టిన చోటే, ఒక్కటే మంట. చుట్టూ పదడుగులు ఆకు ఊడ్చి మట్టి తేలాలి. పైన కొమ్మలు ఉండకూడదు. టెంట్లు గాలి వచ్చే వైపు ఉండాలి, నిప్పురవ్వ పడితే నైలాన్ బట్ట ఇట్టే కరిగిపోతుంది. పక్కన రెండు బక్కెట్ల నీళ్లు, ఒక పార. ఆర్పేటప్పుడు మట్టి కప్పి వదలొద్దు, బొగ్గు కింద రాజుకుంటూ ఉండి తెల్లారి గాలికి లేస్తుంది. నీళ్లు పోయాలి, పారతో కలపాలి, మళ్లీ పోయాలి. చేతి వెనక వైపు దగ్గర పెడితే వేడి తగలకూడదు. అప్పుడే వ్యాన్‌లోకి వెళ్లి పడుకోండి.

ప్రశ్న: నీళ్లు, మరుగుదొడ్డి, గ్యాసు సంగతులు చెప్పండి. (వరంగల్)

జవాబు: ఇద్దరికి తాగడానికే రోజుకు పది లీటర్లు పక్కన పెట్టుకోండి, ఎండలో తిరిగే పని ఇది. స్నానానికి, దొడ్డికి క్యాంపువే వాడండి. వ్యాన్‌లో వంద లీటర్ల డ్రమ్ము అంటే వంద కిలోలు, కట్టకుండా బండి కదిలించొద్దు. అంట్ల నీళ్లు చెరువులోకి కాదు, ఇంకుడు గుంతలోకి. అయిదు కిలోల గ్యాసు సిలిండరు ఎప్పుడూ బయట నీడలోనే ఉండాలి. ఎల్పీజీ గాలి కన్నా బరువు, లీకైతే వ్యాను అడుగున పేరుకుంటుంది. వంట కూడా బయటే. బూట్లు దులపకుండా తొడగొద్దు. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం చేయకుండా, ఆ చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: సీట్లు పీకి మంచం బిగిస్తే ఆర్టీవో వాళ్లు పట్టుకుంటారా? (జనగామ)

జవాబు: పట్టుకోవచ్చు. సీట్లు తగ్గించినా, బాడీ మార్చినా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 పరిధిలోకి వస్తుంది. ముందు అనుమతి తీసుకుని, మార్పును ఆర్సీలో ఎక్కించి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు. మేం ఆర్నెల్లకు వెళ్తున్నాం. అక్కడ పార్కుల్లో క్యాంప్‌గ్రౌండ్ హోస్టులుగా, అంటే అక్కడే ఉండి క్యాంపు చూసుకునేవాళ్లుగా, రిటైరైనవాళ్లను పెట్టుకుంటారట. మేమూ చేయొచ్చా? (రిటైర్డ్ టీచర్, హనుమకొండ)

జవాబు: విజిటర్ వీసా మీద చేయొద్దు. స్టేట్ పార్కుల్లో, నేషనల్ ఫారెస్టుల్లో హోస్టులకు సాధారణంగా వారానికి 20 నుంచి 30 గంటల పని ఉంటుంది. బదులుగా బండి నిలుపుకునే స్థలం, చాలాచోట్ల కరెంటు, నీళ్లు ఉచితం. దాన్ని వాలంటీర్ పని అంటారు గానీ, పనికి బదులు దొరికే బస కూడా ప్రతిఫలం కిందికే వస్తుంది, అది బీ-2, అంటే విజిటర్ వీసాకు చిక్కు తెస్తుంది. మీ అబ్బాయికి గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉంటే అతను దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు అతని దగ్గర అతిథులుగా ఉండొచ్చా అన్నది ఆ పార్కును అడగాలి. చాలా పార్కులు మరుగుదొడ్డి, నీళ్ల ట్యాంకు ఉన్న బండే కావాలంటాయి, ఉత్త వ్యాను సరిపోదు. ఇక్కడి నుంచి మిక్సీ మోసుకెళ్లకండి, అక్కడి కరెంటు 120 వోల్టులు.