వార్ఫరిన్ వాడుతున్నవారు జపాన్‌లో నట్టో తినవచ్చా?

ప్రశ్న: నా వయసు 36 ఏళ్లు. చిన్నప్పటి రుమాటిక్ జ్వరం వల్ల గుండెలోని మైట్రల్ వాల్వ్ దెబ్బతినడంతో మెటల్ వాల్వ్ అమర్చారు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నాను. ఉద్యోగరీత్యా నగోయాలో ఉంటున్నాను. నట్టో అనే పులియబెట్టిన సోయా గింజల వంటకం రక్తాన్ని పలుచన చేస్తుందని తోటి ఉద్యోగులు చెప్పడంతో నెల రోజులుగా రోజూ ఉదయం తింటున్నాను. ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతుందో తెలిపే పరీక్ష ఫలితం) 2.8 నుంచి 1.6కు పడిపోయింది. కారణం ఇదేనా? మిగిలిన జపాన్ వంటలు తినవచ్చా?
- ఒక పాఠకుడు

జవాబు: కారణం నట్టోయే కావడానికి ఎక్కువ అవకాశం ఉంది. దాన్ని వెంటనే మానేసి, ఆ సంగతి మీ డాక్టర్‌కు ఈ రోజే చెప్పండి. ఐఎన్ఆర్ లక్ష్యం దేశాన్ని బట్టి కొంత మారినా, మైట్రల్ స్థానంలో మెటల్ వాల్వ్ ఉన్నవారికి 1.6 చాలా తక్కువ. వాల్వ్ మీద రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది.

రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్-కె సాయంతో తయారు చేస్తుంది. వార్ఫరిన్ ఆ విటమిన్‌ను అడ్డుకుని పనిచేస్తుంది. ఉడికించిన సోయా గింజలను బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాతో పులియబెట్టి నట్టో చేస్తారు, చాప్‌స్టిక్స్‌తో కలిపితే తీగలు సాగేది అందుకే. ఆ బ్యాక్టీరియా విటమిన్-కె2ను విపరీతంగా తయారు చేస్తుంది. జపాన్‌లో పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాముల విటమిన్-కె సరిపోతుందని లెక్క కట్టగా, ఒక చిన్న నట్టో ప్యాకెట్‌లోనే 200 మైక్రోగ్రాములకు పైగా ఉంటుంది. పైగా పేగుల్లోకి చేరాక కూడా ఆ బ్యాక్టీరియా దాన్ని తయారు చేయగలదు కాబట్టి, ఒక్కసారి తిన్నా ప్రభావం కొన్ని రోజులు ఉంటుంది. ఉదయం నట్టో తిని రాత్రి మాత్ర వేసుకున్నా లాభం లేదు. నట్టోలోని ఒక ఎంజైమ్ రక్తాన్ని పలుచన చేస్తుందని మీ తోటి ఉద్యోగులు విని ఉండవచ్చు, కానీ అది మీ మందుకు ప్రత్యామ్నాయం కాదు. వార్ఫరిన్ వాడేవారిని నట్టో తినవద్దని అక్కడి డాక్టర్లే చెబుతారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. నట్టో సంగతి తెలియక డాక్టర్ మాత్ర మోతాదు పెంచితే, తర్వాత మీరు దాన్ని మానేసినప్పుడు ఐఎన్ఆర్ అమాంతం పెరిగి రక్తస్రావం కావచ్చు. మోతాదును సొంతంగా మార్చుకోకండి. డాక్టర్ చెప్పిన తేదీన మళ్లీ పరీక్ష చేయించుకోండి.

నట్టోతో చుట్టిన సుషీ, అఒజిరు అనే ఆకుపచ్చ పొడి పానీయం, క్లోరెల్లా మాత్రలు కూడా వద్దు. మిసో సూప్, టోఫు సోయాతో చేసినవే అయినా వాటిలో విటమిన్-కె తక్కువ, నిశ్చింతగా తినవచ్చు. అయితే మిసోలోనూ, ఉమెబొషి పచ్చడిలోనూ ఉప్పు ఎక్కువ కనుక కొద్దిగానే తీసుకోండి. పాలకూర, కొమాత్సునా వంటి ఆకుకూరలు, సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు తినే గోంగూర, తోటకూర మానాల్సిన పనిలేదు. ఒక వారం అసలు తినకుండా మరో వారం రోజూ తినడమే ఐఎన్ఆర్‌ను తారుమారు చేస్తుంది.

వాల్వ్ టిక్కుమనే శబ్దం మందగించినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా, ఒక చేయి పట్టు తప్పినా ఆలస్యం చేయకుండా 119కు ఫోన్ చేసి అంబులెన్స్ పిలవండి. మందుల షాపులో ఇచ్చే ‘ఒకుసురి తెచో’ పుస్తకంలో వార్ఫరిన్, మెటల్ వాల్వ్ వివరాలు రాయించుకుని, దాన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోండి.