జవాబుకి తేదీ వేయించు

అమ్మాయ్,

కంప్యూటర్ వాడే లా స్టూడెంట్ల కోసం ఆన్‌లైన్‌లో గ్రూపు మొదలుపెట్టావని, చూస్తుండగానే రెండొందల మంది చేరారని చదివి సంతోషించాను. "ఇప్పుడేం చెయ్యాలి మామయ్యా?" అని అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇలాంటి గ్రూపునే నేను తొమ్మిదేళ్లు మోశాను. సరిగ్గా చేసినవాటికంటే పొరపాట్లే ఎక్కువ గుర్తున్నాయి.

ఏ లాప్‌టాప్ కొనాలి అనే ప్రశ్న రోజూ వస్తుంది. ఒక మంచి జవాబు రాసి పైన పిన్ చేసిపెట్టు, అడిగినవాళ్లందరికీ అదే చూపించు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికేం లేదు.

నీ గ్రూపు ఎవరిదో ముందు తెలుసుకో. రోజూ కబుర్లు చెప్పుకునే ఇరవై మంది అది తమదనుకుంటారు. నిజానికి దాన్ని వాడుకునేవాళ్లు వేరే. పొద్దున్నే సబ్మిషన్ ఉందనగా అర్ధరాత్రి రెండింటికి వెతుక్కుంటూ వచ్చి, ఎప్పుడో ఎవరో రాసిన జవాబు చదువుకుని, ఒక్క మాటా రాయకుండా వెళ్లిపోతారు. వాళ్లు నీకు కనపడరు. ఆ వేళ అడిగి తెలుసుకుందామంటే వాళ్లకి మనిషి దొరకడు. అందుకే ప్రతి జవాబులోనూ రెండు సంగతులు ఉండాలి: ఇది ఎప్పటి మాట, ఎక్కడి మాట.

ముందు "ఎప్పటి" సంగతి. నీ గ్రూపులో రెండు రకాల జవాబులు పోగవుతాయి, రెండూ ఒకేలా పాతబడవు. కంప్యూటర్ జవాబు పాతబడితే చెత్తబుట్టకే. ఆ మెనూ ఉండదు, ఆ బటన్ ఉండదు, చదివినవాడి టైమ్ వేస్ట్. చట్టం అలా కాదు. భారతదేశంలో 2024 జులై 1న పాత శిక్షా చట్టమైన ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే సెక్షన్ 302 కాస్తా 103 అయింది. మోసానికి పెట్టే 420 వెళ్లి 318లో కూర్చుంది. అప్పుడు మా గ్రూపులో ఒక కుర్ర అడ్మిన్ హుషారుగా ఐపీసీ జవాబులన్నీ చెరిపేయడం మొదలుపెట్టాడు. నేను చూసి ఆపేసరికే చాలా పోయాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి ఇప్పటికీ ఐపీసీయే వర్తిస్తుంది కదా, ఆ కేసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి కదా! పాత సెక్షన్ మీద రాసిన మంచి జవాబు తప్పుడు జవాబు కాదు. దాని నెత్తిన తేదీ లేకపోవడమే తప్పు. కాబట్టి సాఫ్ట్‌వేర్ జవాబులు నిర్దాక్షిణ్యంగా తీసెయ్యి, చట్టం జవాబులు తేదీ వేసి ఉంచు.

ఇక "ఎక్కడి" సంగతి, అంటే ఆ మాట ఎక్కడ చదివి రాశారన్నది. న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా అని ఒక కేసు నడిచింది. అందులో లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని నమ్మి కోర్టు కాగితాల్లో పెట్టారు. ఆ తీర్పులు అసలు లేనే లేవు. 2023 జూన్‌లో జడ్జి 5,000 డాలర్ల జరిమానా వేశారు. నాకు బాగా గుర్తుండిపోయింది జరిమానా కాదు. ఆ కేసులు నిజమైనవేనా అని లాయరు మళ్లీ ఆ చాట్‌జీపీటీనే అడిగాడు. నిజమే అంది. దొంగనే సాక్షికి పిలిచినట్టు!

ఏఐ వాడొద్దని రూలు పెట్టకు, ఎవరూ వినరు. తీర్పు పేరు రాసిన ప్రతివాళ్లనీ పేరా నంబరు అడుగు. సైటేషన్, అంటే తీర్పు ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో చెప్పే గుర్తు, ఎక్కడినుంచైనా ఎత్తుకు రావచ్చు గానీ, పేరా నంబరు రాయాలంటే తీర్పు తెరవక తప్పదు. ఏఐ పేరా నంబరు కూడా కల్పిస్తుంది అంటావేమో, నిజమే. కానీ చదివేవాడు ఆ పేరా దగ్గరికి వెళ్లి అర నిమిషంలో పట్టుకుంటాడు.

కొత్తవాళ్లని గ్రూపుకి రప్పించేది మాత్రం పెద్ద పెద్ద చర్చలు కాదు, వర్డ్‌లో ఫుట్‌నోట్లు. నవ్వకు. డిజర్టేషన్‌లో "పై 14వ ఫుట్‌నోట్ చూడండి" అని చేత్తో టైప్ చేస్తారు. మధ్యలో గైడ్ చెప్పాడని రెండు ఫుట్‌నోట్లు చేరుస్తారు. 14 కాస్తా 16 అవుతుంది, కింద రాసుకున్నవన్నీ అబద్ధాలవుతాయి. నంబరు టైప్ చెయ్యకుండా క్రాస్ రిఫరెన్స్‌తో (వర్డ్ చేతే నంబరు వేయించి) పెట్టాలని చెప్పేవాళ్లు చాలామందే ఉంటారు. ఆ నంబర్లు వాటంతటవే మారవని, ఫీల్డులు (వర్డ్ నంబరు వేసిన చోట్లు) అప్‌డేట్ చెయ్యాలని చెప్పేవాళ్లు తక్కువ. పైన మేటర్‌లో కంట్రోల్-ఏ కొడితే ఫుట్‌నోట్లు సెలెక్ట్ కావని చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఒక ఫుట్‌నోట్‌లో కర్సర్ పెట్టి, అక్కడ విడిగా కంట్రోల్-ఏ, తర్వాత ఎఫ్9 కొట్టాలి. ఇలాంటి చిన్న జవాబులు ఓ ముప్పై పోగెయ్యి. వాటికోసం వచ్చినవాళ్లే మెల్లగా మిగతా చర్చల్లోకి దిగుతారు.

ఈ సాయం అడిగేటప్పుడే ప్రమాదం కూడా వస్తుంది. ఇంటర్న్‌షిప్ చేస్తున్న కుర్రాడొకడు, పేజీ నంబర్లు సరిగ్గా రావట్లేదని అసలు ఫైలే మా గ్రూపులో పెట్టేశాడు. క్లయింటు పేర్ల మీద నల్ల గీతలు గీశాడు గానీ, కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేస్తే గీతల కింద ఉన్నదంతా బయటికొచ్చింది. పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచారం నడిపిన పాల్ మనాఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన కాగితం సరిగ్గా ఇలాగే బయటపడింది. మా దగ్గర నేను చూసేసరికి రెండు గంటలైంది. ఆ రెండు గంటల్లో ఎవరెవరు దించుకున్నారో ఇప్పటికీ తెలియదు. అసలు ఫైలు పెట్టకూడదు, అదే తప్పు కనపడేలా ఉత్తుత్తి ఫైలు చేసి పెట్టాలి అని మొదటి రోజే రాసిపెట్టు. ఆ ఫైలు తయారుచేస్తుంటేనే తప్పెక్కడుందో చాలామందికి దొరికిపోతుంది, అది వేరే సంగతి.

"మా ఫ్రెండ్‌కి ఇంటి ఓనర్‌తో గొడవ" అంటూ బయటివాళ్లు వస్తారు. ఆ ఫ్రెండ్ ఎవరో నీకూ తెలుసు, నాకూ తెలుసు. జాలిపడి సలహా ఇవ్వనివ్వకు. మీరింకా లాయర్లు కాదు, మీ మాట పట్టుకుని అడిగినవాడికి కేసు వేసే గడువు దాటిపోతే ఎవరు జవాబు చెప్తారు? మర్యాదగా ఉచిత న్యాయ సహాయం దారి చూపించి అక్కడితో ఆపు. మూట్ ప్రాబ్లమ్‌లు (ఉత్తుత్తి కోర్టు పోటీలకిచ్చే కేసులు), ఇంకా గడువు తీరని టేక్ హోమ్ పరీక్షలు కూడా అంతే. గడువయ్యాక ఎంతైనా చర్చించుకోండి.

నోట్సు, తీర్పులు పంచుకోవడం మీద తగాదా తప్పకుండా వస్తుంది. జడ్జి రాసిన తీర్పు అందరిదీ. లా రిపోర్టు సంపాదకుడు దానిపైన రాసిన సారాంశం, అంటే హెడ్‌నోట్, మాత్రం ఆయన కష్టం. ఈస్టర్న్ బుక్ కంపెనీ వర్సెస్ డి.బి. మోదక్ కేసులో 2007లో భారత సుప్రీంకోర్టు ఈ గీత ఎక్కడ పడుతుందో వివరంగా చెప్పింది. ఆ తీర్పునే గ్రూపులో పెట్టి చదివించు. తగాదా కాస్తా పాఠం అవుతుంది.

రూల్స్ తక్కువ పెట్టు. లా చదివేవాళ్లకి పది రూల్స్ ఇస్తే ఇరవై లొసుగులు తీస్తారు, వాళ్ల చదువే అది. ఎవరినైనా తీసెయ్యాల్సి వస్తే కారణం చెప్పు, వాళ్ల మాట విను. నీతో గొడవపడినవాడి సంగతి మాత్రం నువ్వు తేల్చకు, ఇంకొకరికి అప్పగించు. సహజ న్యాయ సూత్రాలంటే ఇవే, వాటిని పరీక్షలో రాసి గ్రూపులో మరిచిపోతే జనం ఊరుకోరు. నేను ఒకసారి మరిచిపోయాను. వారం రోజులు నా పేరు మీదే చర్చ నడిచింది, వాళ్ల వాదన నా వాదన కంటే బాగుంది కూడా.

చివరగా, నువ్వు వెళ్లిపోతావు. మూడేళ్లకో ఐదేళ్లకో అందరూ పాసై ప్రాక్టీసులో పడతారు, మెసేజ్ చూడటానికి కూడా తీరిక ఉండదు. మా మొదటి అడ్మిన్ అలాగే వెళ్లాడు. లాగిన్ అవుదామంటే ఓటీపీ అతను ఎప్పుడో వదిలేసిన నంబరుకి పోయేది. నాలుగు నెలలు గ్రూపుకి తాళం పడింది. నీ ఆఖరి సంవత్సరం మొదలవకముందే కింది క్లాసుల్లోంచి ఇద్దరికి తాళాలు ఇవ్వు. ఇచ్చాక వాళ్లు చేసే ప్రతిపనిలో వేలు పెట్టకు. పాత జవాబుల కాపీ నెలకోసారి వేరే చోట దాచమని మాత్రం పోరు పెట్టు.

నువ్వు రాసుకున్న రూల్స్ ఏవో నాకు పంపించు. లొసుగులు వెతికే పని నాకు భలే ఇష్టం.

ఆశీస్సులతో,
మామయ్య